ప్లాన్ పెంచితే పేర్లు త్వరగా దొరకవు

చిన్న ఆఫీసుల్లో నెట్ నెమ్మదించిందనగానే జరిగే తంతు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముందు రౌటర్ ఆపి మళ్లీ వేస్తారు. కుదరకపోతే ప్రొవైడర్‌కు ఫోను. అవతలి నుంచి వచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: పెద్ద ప్లాన్ తీసుకోండి. తీసుకుంటారు. నెల తిరగకుండానే మళ్లీ అదే ఫిర్యాదు. ఇంత హడావిడిలో ఆలస్యం ఎక్కడ జరుగుతోందో కొలిచిన పాపాన ఒక్కరూ పోరు.

లింకు నొక్కగానే పేజీ తెల్లగా నిలబడిపోతుంది. కాసేపటికి మొత్తం ఒక్కసారిగా వచ్చిపడుతుంది. అదే సైటులో తర్వాతి పేజీలు చకచకా తెరుచుకుంటాయి. వీడియో ఎక్కడా ఆగదు. స్పీడ్ టెస్ట్ పెడితే కట్టిన డబ్బుకు తగ్గ వేగమే చూపిస్తుంది. మీ ఆఫీసులో వరస ఇలా ఉంటే లైను మీద అనుమానం వద్దు. సైటు పేరుకు ఐపీ చిరునామా, అంటే కంప్యూటర్లు వాడుకునే అంకెల చిరునామా, వెతికిపెట్టే డీఎన్‌ఎస్ దగ్గర పని ఆగుతోందేమో చూడండి. స్పీడ్ టెస్ట్ తన లెక్క మొదలుపెట్టేది పేరు దొరికిన తర్వాతే, కాబట్టి ఈ జబ్బు దాని కంట పడదు. పైగా ఒక డీఎన్‌ఎస్ ప్రశ్న, దాని జవాబు కలిపి మామూలుగా కొన్ని వందల బైట్లు. 100 ఎంబీపీఎస్ లైనును 300 చేస్తే వాటికి ఒరిగేదేమిటి?

గుంటూరులో ఒక ఆడిటర్ గారి ఆఫీసు ఉంది. నెలలో 20వ తేదీ దగ్గరపడేకొద్దీ, అంటే జీఎస్టీఆర్-3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్ను గడువు ముంచుకొచ్చే వేళ, అక్కడి గుమాస్తాలు జీఎస్టీ పోర్టల్‌ను తిట్టని తిట్టు ఉండేది కాదు. అసలు వీళ్ల ప్రశ్న పోర్టల్ దాకా చేరితే కదా! ఆఫీసులో ఒకప్పుడు సొంత సర్వర్ ఉండేది. అది ముసలిదై పాత సామాన్ల కొట్టుకు చేరింది. కంప్యూటర్లకు చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ సెట్టింగుల్లో మాత్రం మొదటి డీఎన్‌ఎస్‌గా దాని నంబరే కొలువుదీరి ఉంది. దాంతో ప్రతి కంప్యూటరూ ముందు ఆ లేని సర్వర్‌నే అడుగుతుంది, జవాబు కోసం చూస్తుంది, విసిగి రెండో చిరునామాకు వెళుతుంది. విండోస్‌కు విసుగు తొందరగానే, ఒక సెకను అటూఇటూగా, వస్తుంది. లినక్స్‌కు ఓర్పు ఎక్కువ. ఎవరూ మార్చకపోతే 5 సెకన్లు ఎదురుచూస్తుంది, తర్వాతి పేరుకు మళ్లీ ఆ మొదటి తలుపే తడుతుంది. ఈ రోజుల్లో ఒక పేజీ తెరవాలంటే ఒక్క పేరు చాలదు. ఫాంట్లు ఒక చోట, బొమ్మలు ఒక చోట, లాగిన్ ఇంకో చోట. డీహెచ్‌సీపీలో ఆ ఒక్క వరస తీసేసి, కంప్యూటర్లు కొత్త లీజు, అంటే డీహెచ్‌సీపీ నుంచి తాజా చిరునామాలు, తీసుకోగానే గొడవ సద్దుమణిగింది. పెంచిన ప్లాన్‌కు మాత్రం ఏడాది సొమ్ము ముందే కట్టేశారు.

ఇక రెండో డీఎన్‌ఎస్ చిరునామా గురించి ఉన్న మూఢనమ్మకం. మొదటిది ఆఫీసు సర్వర్, రెండోది గూగుల్ వారి డీఎన్‌ఎస్ 8.8.8.8 పెడితే ఆఫీసులోపలి కంప్యూటర్ల పేర్లు అది చూసుకుంటుంది, బయటి పేర్లు ఇది చూసుకుంటుంది అని చాలామంది టెక్నీషియన్లు నమ్మబలుకుతారు. అలా జరగదు. మొదటి సర్వర్ ‘ఆ పేరు లేదు’ అని చెప్పిందంటే అదే తుది తీర్పు, రెండోదాన్ని ఎవరూ అడగరు. మొదటిది అసలు నోరు మెదపకపోతేనో, నా వల్ల కాదని చేతులెత్తేస్తేనో రెండోదాని వంతు వస్తుంది. విండోస్ డొమైన్ ఉన్న, అంటే కంప్యూటర్ల లాగిన్‌లన్నీ ఒకే సర్వర్ చూసుకునే, ఆఫీసులో ఈ ఏర్పాటు మరీ ప్రమాదం. ఆఫీసు సర్వర్ ఒక్కసారి తడబడితే కంప్యూటర్ 8.8.8.8 వైపు తిరుగుతుంది, మీ ఆఫీసులోపలి పేర్లు దానికి ఏ మాత్రం తెలియవు. లాగిన్ నత్తనడక నడుస్తుంది, షేర్డ్ ఫోల్డర్లు మాయమవుతాయి. డొమైన్‌లోని కంప్యూటర్లకు ఆఫీసు సర్వర్ చిరునామా ఒక్కటే ఇవ్వాలి. బయటి పేర్లను ఎవరి ద్వారా అడగాలో ఆ సర్వర్‌కు చెప్పాలి.

8.8.8.8 మీద నాకు కోపం లేదు. గూగుల్ 2009 చివర్లో దాన్ని అందరికీ తెరిచింది, 2018 ఏప్రిల్ 1న క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ అలాంటిదే 1.1.1.1 తెచ్చింది. రెండూ మంచి సేవలే. కోపమల్లా తలనొప్పికీ మోకాలినొప్పికీ ఒకే మాత్ర రాసే వైద్యం మీద. ఒకే చిరునామాతో చాలా ఊళ్లలో సర్వర్లు ఉంటాయి, మీ ప్రశ్న వాటిలో ఎక్కడికి చేరుతుందో మీ ప్రొవైడర్ పంపే దారిని బట్టి ఉంటుంది. పక్క వీధిలో వేగంగా ఉన్నది మీ దగ్గర నెమ్మదిగా ఉండవచ్చు. అడిగి చూడకుండా ఎలా తెలుస్తుంది?

చూడడం పెద్ద విద్యేమీ కాదు. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్‌ఎస్‌లుకప్ (nslookup) అని కొట్టి ఏదైనా సైటు పేరు ఇవ్వండి. ఏ సర్వర్ జవాబిస్తోందో పైనే కనిపిస్తుంది. సర్వర్ పేరు దగ్గర ‘అన్‌నోన్’ అని ఉంటే కంగారు అక్కర్లేదు, ఆ చిరునామా నుంచి వెనక్కి వెతికితే పేరు దొరకలేదని మాత్రమే దాని అర్థం. పేరు తర్వాత సర్వర్ చిరునామా కూడా ఇచ్చి, జాబితాలో ఉన్న ఒక్కో సర్వర్‌నూ విడిగా అడగండి. చచ్చినది ఎవరో అక్కడే తేలిపోతుంది. లినక్స్‌లో డిగ్ (dig) అనే కమాండ్ పట్టిన సమయాన్ని మిల్లీసెకన్లలో చూపిస్తుంది. ఒకే పేరును వెంటవెంటనే రెండుసార్లు అడగండి. మొదటిసారి వంద దాటినా పరవాలేదు. ఆఫీసులోపలి సర్వర్ రెండోసారి కూడా అంతే సమయం తీసుకుంటే అది జవాబులు దాచుకోవడం లేదన్నమాట. 1983లో పాల్ మొకపెట్రిస్ ఈ విధానాన్ని రూపొందించినప్పుడే ప్రతి జవాబునూ ఎంతసేపు దాచుకోవచ్చో చెప్పే ఏర్పాటు అందులో ఉంది. నలభై ఏళ్లు దాటినా మన రౌటర్ పెట్టెలకు ఆ కిటుకు సరిగా ఒంటబట్టలేదు. చిన్న రౌటర్లలో విరివిగా కనిపించే డీఎన్‌ఎస్‌మాస్క్ ప్రోగ్రామ్ ఎవరూ మార్చకపోతే 150 పేర్లే గుర్తుపెట్టుకుంటుంది. పాతికమంది ఉన్న ఆఫీసులో అవి గంటసేపైనా చాలవు.

కొత్త తరహా ఐపీ చిరునామాల, అంటే ఐపీవీ6, సంగతి వేరే. చేత్తో పాత తరహా చిరునామాలన్నీ సరిచేసి చేతులు దులుపుకుంటారు, రౌటర్ ప్రకటించే ఐపీవీ6 డీఎన్‌ఎస్ చిరునామా అలాగే ఉండిపోతుంది. కంప్యూటర్ తరచుగా ముందు దాన్నే అడుగుతుంది. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ ఆల్ (ipconfig /all) అని కొడితే ఆ దొంగ దొరుకుతాడు. లినక్స్‌లో సరిగ్గా 5 సెకన్లే ఆగుతుంటే ఇంకో అనుమానం కూడా ఉంది. పాత, కొత్త చిరునామాల కోసం అది రెండు ప్రశ్నలు ఒకే పోర్టు నుంచి పంపుతుంది, నాసిరకం ఫైర్‌వాల్ ఒకదాని జవాబు మింగేస్తుంది. రిజాల్వ్ కాన్ఫ్ (resolv.conf) ఫైలులో సింగిల్ రిక్వెస్ట్ రీఓపెన్ (single-request-reopen) ఆప్షన్ పెడితే తగ్గుతుంది.

విండోస్ డొమైన్ లేని, పాతిక కంప్యూటర్లున్న ఆఫీసుకు నేను చెప్పేది ఒకటే. మూలన పడి ఉన్న పాత కంప్యూటర్లు రెండు తీసి, రెండింటిలోనూ అన్‌బౌండ్ అనే డీఎన్‌ఎస్ ప్రోగ్రామ్ వేసి, డీహెచ్‌సీపీలో ఆ రెండు చిరునామాలే ఇవ్వండి. సాఫ్ట్‌వేర్‌కు రూపాయి ఖర్చు లేదు. ఏదైనా యంత్రాన్ని ఆఫీసు నుంచి పంపించే రోజున దాని నంబరు ఇంకెక్కడ రాసి ఉందో వెతకండి.

ఆ తర్వాత కూడా నెమ్మదిగా ఉంటే నన్ను అడగండి. ఎన్‌ఎస్‌లుకప్ ఏమందో పంపండి, స్పీడ్ టెస్ట్ ఫొటోలు పంపకండి.