మైలాటాని మర్చిపోయారా?

అమెరికన్ ఫుట్‌బాల్‌లో రెండేళ్లయినా స్టార్టర్ (మ్యాచ్ మొదటి నుంచీ బరిలో దిగేవాడు) కాని లైన్‌మన్‌ని (ప్రత్యర్థుల్ని అడ్డుకునే ముందు వరస ఆటగాణ్ణి) టీమ్ వదిలించుకోవాలని మీరు రాశారు, నేనైతే ఒప్పుకోను సార్. ఫిలడెల్ఫియా ఈగల్స్ టీమ్ లైన్‌మన్ జోర్డాన్ మైలాటానే చూడండి, ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడుకునే కుర్రాడు, 2018 డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే చోట) ఏడో రౌండ్లో 233వ పిక్‌గా తీసుకునేనాటికి ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడలేదు, మొదటి రెండు సీజన్లూ గాయాలతో బయటే కూర్చున్నాడు, ఈలోపు టీమ్ 2019 మొదటి రౌండ్లో ఆండ్రె డిల్లార్డ్‌ని తెచ్చి అదే లెఫ్ట్ టాకిల్ (లైన్‌లో ఎడమ చివర కాచే) ప్లేస్‌కి పోటీ పెట్టింది. మనిషి కొండంత ఉంటాడు, బలానికేం లోటు లేదు, కానీ రగ్బీలో ఎప్పుడూ ముందుకి ఉరికినోడు ఇక్కడ నడుం వంచి వెనక్కి జరుగుతూ కాచుకోవాలి, చేతులు అర సెకను ముందు విసిరాడా, ఎడ్జ్ రషర్ (అంచు నుంచి దూసుకొచ్చే ప్రత్యర్థి) వాటిని పక్కకి కొట్టేసి తిన్నగా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే మన ఆటగాడు) మీద పడతాడు. అది ఒక్క సీజన్లో వచ్చే విద్యా చెప్పండి? ఈగల్స్ లైన్ కోచ్ స్టౌట్‌లండ్ ఓపిగ్గా కూర్చుని నేర్పించాడు. 2020లో డిల్లార్డ్, అతని ప్లేస్‌లోకొచ్చిన జేసన్ పీటర్స్ ఇద్దరూ గాయపడితే మైలాటాకి ఛాన్స్ దొరికింది, 2021 ట్రైనింగ్ క్యాంప్‌లో డిల్లార్డ్‌తో పోటీ పెడితే జాబ్ కొట్టేశాడు, వెంటనే 6.4 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్. మీ లెక్కన అయితే 2019లోనే సిడ్నీ ఫ్లైట్ ఎక్కించేసేవాళ్లు 😀