తిమోతిలను తయారుచేసే పాస్టర్లు కావాలి

యువకులను బైబిల్ కాలేజీకి పంపితే సంఘానికి (చర్చికి) నాయకులు దొరుకుతారని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. చదువు అవసరమే, కానీ అదొక్కటే చాలదు. బైబిల్లో అపొస్తలుడైన పౌలు తన యువ శిష్యుడు తిమోతికి రాసిన రెండో పత్రికలో 2 తిమోతి 2:2 చూడండి, నా దగ్గర విన్నది ఇతరులకు నేర్పగల నమ్మకమైన మనుషులకు అప్పగించు అంటాడు: పౌలు, తిమోతి, నమ్మకమైన మనుషులు, వాళ్ల దగ్గర నేర్చుకునే ఇతరులు. ఒక్క వచనంలో నాలుగు తరాలు! మా చిత్తూరు పల్లె సంఘాల్లో ప్రసంగం, రోగుల పరామర్శ, కానుకల లెక్క అన్నీ పాస్టరయ్యగారే చూసుకోవాలి. ఆయన జ్వరంతో పడుకుంటే ఆదివారం ఆరాధనకే టెన్షన్. మా సంఘపెద్ద ఒకాయన ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా ఒక కుర్రాణ్ణి బండి మీద వెంటబెట్టుకుని వెళ్లేవారు. మొదట్లో ఊరికే నిలబడేవాడు, తర్వాత వాక్యం చదివేవాడు, ఇప్పుడు మంచం పక్కన కూర్చుని ప్రార్థన తనే చేస్తున్నాడు. ఆడపిల్లలను మాత్రం సండేస్కూల్ దగ్గరే ఆపేస్తున్నాం, అది నాకు బాధగా ఉంది. సువార్త ప్రయాణం మధ్యలో వదిలి వెళ్లిపోయిన మార్కు అనే యువకుణ్ణి పౌలు వద్దన్నా, పౌలు తోటి సేవకుడు బర్నబా చేరదీశాడు. చివరికి పౌలే అతన్ని తీసుకురమ్మన్నాడు. మొదటి ప్రసంగంలో తడబడిన పిల్లలకు దయచేసి రెండోసారి కూడా మైకు ఇవ్వండి.