స్పెషల్ ఎడ్ పిల్లల వల్ల మన పిల్లలకు అన్యాయం జరుగుతోందా?

టెక్సస్‌లోని తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం మళ్లీ మళ్లీ తిరుగుతోంది. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో, అంటే వైకల్యమో ఎదుగుదలలో ఆలస్యమో ఉన్న పిల్లలకు స్కూల్లో ఇచ్చే ప్రత్యేక బోధనలో, చేరే పిల్లలు ఏటేటా పెరుగుతున్నారట, స్కూల్ డిస్ట్రిక్ట్ డబ్బంతా వాళ్లకే పోతోందట, అందుకే టీచర్లను తగ్గిస్తున్నారట. కిండర్‌గార్టెన్‌కు ముందు తరగతి ప్రీ-కే అంటే ఉచిత డే కేర్ అట. మూడేళ్లకే ఐఈపీ (బిడ్డకు స్కూల్ ఏ సాయం చేయాలో రాసే ప్రణాళిక) రాయించుకుంటే బిడ్డ మీద జన్మంతా ముద్ర ఉండిపోతుందట, గ్రీన్ కార్డుకీ అడ్డమట. ఇది నమ్మి, మాటలు రాని బిడ్డను ఇంట్లోనే ఉంచుకుంటున్న వాళ్లున్నారు. అందుకే ఈ జవాబు.

పిల్లల సంఖ్య పెరిగిన మాట నిజం. ఎందుకు పెరిగిందో మాత్రం ఆ సందేశంలో లేదు. 2004లో రాష్ట్రంలోని స్కూళ్లను పర్యవేక్షించే టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఒక హద్దు గీసింది. ఏ డిస్ట్రిక్ట్‌లోనైనా మొత్తం విద్యార్థుల్లో స్పెషల్ ఎడ్ పిల్లలు 8.5 శాతం దాటితే తనిఖీల్లో అది లోపంగా లెక్క. దేశం మొత్తం మీద ఈ పిల్లలు 13 శాతం దాకా ఉండగా, ఇక్కడ 2015 నాటికి సరిగ్గా 8.5కి దిగిపోయారు. పిల్లలకు నయమై కాదు. సాయం అవసరమైన వాళ్లను చేర్చుకోక, సాయం అవసరమో కాదో తేల్చే పరీక్షలు వాయిదా వేస్తూ పోవడం వల్ల. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దీన్ని బయటపెట్టింది. 2017లో శాసనసభ ఆ హద్దును నిషేధించింది. 2018 జనవరిలో, టెక్సస్ ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించిందని ఫెడరల్ విద్యాశాఖ తేల్చింది. అన్నేళ్లు ఆపి ఉంచిన పిల్లలు ఇప్పుడు వస్తుంటే, దాన్ని భారం అనడానికి మనసెలా వస్తుంది?

ఇక డబ్బు. స్పెషల్ ఎడ్‌లో ఉన్న పిల్లలకు రాష్ట్రం అదనంగా లెక్కగట్టి ఇస్తుంది. అంటే వాళ్ల పేరు మీద వచ్చేదే వాళ్లకు ఖర్చవుతుంది. అది చాలనప్పుడు డిస్ట్రిక్ట్ తన జేబులోంచి వేసుకోవాల్సి వస్తోంది, కాదనను. ఆ లోటు ఎక్కడ మొదలైందో చూడండి. 1975 స్పెషల్ ఎడ్ చట్టంలో ఫెడరల్ ప్రభుత్వం, దేశంలో ఒక్కో విద్యార్థికయ్యే సగటు ఖర్చులో 40 శాతం దాకా ఈ పిల్లల్లో ఒక్కొక్కరికి అదనంగా ఇస్తానని మాటిచ్చింది. ఇప్పుడిస్తున్నది 15 శాతం కూడా లేదు. టెక్సస్‌లో ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల కేటాయింపు 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. ఆ మధ్యలో ఇంటి అద్దె, పాలు, గుడ్లు ఎంత పెరిగాయో అందరికీ తెలుసు. 2025లో దాన్ని పెంచారు, 55 డాలర్లు. టీచర్లు ఎందుకు తగ్గారని అడగాల్సింది ఆస్టిన్‌లోని శాసనసభ్యులను, పక్కింటి బాబు వాళ్ల అమ్మను కాదు.

ప్రీ-కే డే కేర్ కాదు, చదువు. తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల పిల్లలకే కాదు, ఇంగ్లీష్ మాట్లాడటం, అర్థం చేసుకోవడం రాని నాలుగేళ్ల పిల్లలకు కూడా ఇక్కడ ప్రీ-కే ఉచితం, ఇంటి ఆదాయం ఎంతైనా సరే. 2019 చట్టంతో అర్హత ఉన్న నాలుగేళ్ల వాళ్లకు పూర్తి రోజు తరగతులు తప్పనిసరి అయ్యాయి, హాజరును బట్టి రాష్ట్రం ఇచ్చే డబ్బు మాత్రం సగం రోజుకే లెక్కగడుతుంది. మన దగ్గర జరిగేదేమిటంటే, చేరేటప్పుడు ఇచ్చే హోమ్ లాంగ్వేజ్ సర్వేలో ‘ఇంట్లో ఎక్కువగా ఏ భాష మాట్లాడతారు’ అన్న చోట, బిడ్డ పొద్దస్తమానం అమ్మమ్మతో తెలుగే మాట్లాడుతున్నా, ఇంగ్లీష్ అని రాసేస్తారు. తెలుగు అని రాస్తే వెనకబడిన క్లాసులో వేస్తారని టెన్షన్. అలా రాసి, రావాల్సిన సీటును మనమే పోగొట్టుకుంటున్నాం.

ముద్ర సంగతి. మీరు సంతకం పెట్టకుండా మామూలుగా పరీక్ష జరగదు, సేవలైతే అసలు మొదలవ్వవు. మొదలయ్యాక వద్దనుకుంటే రాసిచ్చి ఆపేయవచ్చు. కాలేజీకి వెళ్లే ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఐఈపీ ఉండదు. పరీక్ష కూడా మనం భయపడేలా ఉండదు. స్పీచ్ థెరపిస్ట్ బిడ్డతో పాటు కింద చాప మీద కూర్చుని, సబ్బు బుడగలు ఊది ఆపుతుంది. బిడ్డ ‘ఇంకా’ అంటాడా, చెయ్యి పట్టి లాగుతాడా, ఊరికే చూస్తాడా అని గమనించి రాసుకుంటుంది. వీలైనంతవరకు ఇంటి భాషలోనే పరీక్షించాలని చట్టం. ఇంగ్లీష్ రాకపోవడాన్ని లోపంగా లెక్కగట్టడానికి లేదు. ‘వాళ్ల నాన్నకీ మాటలు ఆలస్యమే’ అని ఊరి నుంచి ఫోన్‌లో చెప్పే పెద్దవాళ్ల ప్రేమను కాదనను. కానీ ఆ మాట నమ్మి ఎదురుచూస్తే పోయేవి బిడ్డకు అత్యంత విలువైన ఏళ్లు.

గ్రీన్ కార్డు భయానికి ఆధారం లేదు. ప్రభుత్వ సాయం మీదే ఆధారపడతారనుకున్న వాళ్లకు గ్రీన్ కార్డు నిరాకరించే పబ్లిక్ చార్జ్ నిబంధనను 2019లో బాగా బిగించినప్పుడు కూడా, స్పెషల్ ఎడ్ చట్టం కింద స్కూల్లో అందే సేవలను లెక్కలోంచి మినహాయించారు.

అనుమానం ఉంటే డిస్ట్రిక్ట్‌కు ఇలా రాయండి: ‘మా బిడ్డకు స్పెషల్ ఎడ్యుకేషన్ పరీక్ష చేయించమని కోరుతున్నాం.’ ఈ ఒక్క వాక్యం, తేదీ, సంతకం చాలు. ఫోన్‌లో అడిగితే గడువు లెక్కలోకి రాదు. కాగితం అందాక 15 స్కూల్ రోజుల్లో వాళ్లు రాతపూర్వకంగా జవాబివ్వాలి, మీరు అనుమతిచ్చాక మామూలుగా 45 స్కూల్ రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. ఎదుగుదలలో ఆలస్యం ఉన్న మూడేళ్ల లోపు పిల్లలకైతే ఈసీఐ (ఎర్లీ చైల్డ్‌హుడ్ ఇంటర్వెన్షన్) అనే వేరే కార్యక్రమం ఉంది. అందులో ఉన్న పిల్లలకు స్పెషల్ ఎడ్ అర్హత ఉంటే, మూడో పుట్టినరోజు నాటికి స్కూల్లో సేవలు సిద్ధం చేయాల్సిన బాధ్యత డిస్ట్రిక్ట్‌దే.