ఆ సందేశంలోని ఆరు ఆరోపణలూ, ఒక విగ్గూ

కొన్ని వారాలుగా ఒకే వాట్సాప్ సందేశం పాత మిత్రుల నుంచి, బంధువుల నుంచి, చివరికి రంగస్థలం మీద ఎంతో అభిమానం ఉందని చెప్పుకునే పెద్దల నుంచి కూడా పదేపదే వస్తోంది. ఆడవేషం కట్టి ప్రదర్శనలిచ్చే డ్రాగ్ కళాకారుడొకరు అద్దం ముందు కూర్చుని విగ్గు సర్దుకుంటున్న ఫొటో, దాని కింద "ఇది కూడా ఒక వృత్తేనా?" అన్న ప్రశ్న, ఆ ప్రశ్న కింద ఆరు అంశాలు ఉన్నాయి. ఇది పాశ్చాత్యుల దిగుమతి అని మొదటిది. ఆ విగ్గులు శవాల జుట్టుతో చేస్తారని రెండోది. దుకాణంలో విగ్గు కొని ఐదు నిమిషాల్లో తగిలించుకోవడానికి నైపుణ్యం ఎందుకని మూడోది. ఇదొక జబ్బు అని, పిల్లలు చూస్తే వారికీ అంటుకుంటుందని నాలుగోది. చెమట చుక్క రాలకుండా కోట్లు గడిస్తున్నారని ఐదోది. ఇది స్త్రీలను అవమానించడమేనని ఆరోది. పంపినవారికి విడివిడిగా జవాబు రాసే ఓపిక నశించింది కనుక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

డ్రాగ్ అన్న పేరు, నైట్ క్లబ్బుల ప్రదర్శనలు, టెలివిజన్ పోటీలు పశ్చిమ దేశాల నుంచే వచ్చాయి, అందులో తగాదా ఏమీ లేదు. అయితే సందేశం అభ్యంతరం క్లబ్బుల మీద కాదు, మగవాడు ఆడవేషం కట్టి దాన్నే జీవనోపాధి చేసుకోవడం మీద. ఆ లెక్కన తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామగానూ మధురవాణిగానూ ప్రేక్షకులను ఊరూరా వెంట తిప్పుకున్న స్థానం నరసింహారావు ఏ దేశపు సరుకో చెప్పాలి. భారత ప్రభుత్వం ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడిలో జీవితమంతా స్త్రీ పాత్రలే పోషించిన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1970లో అదే పురస్కారం దక్కింది. భామాకలాపంలో సత్యభామ ముఖం కనిపించడానికి ముందే ఆమె జడ తెర మీదుగా ప్రేక్షకుల వైపు వచ్చి వాలుతుంది. నాతో పోటీకి నిలిచి గెలవగలవారెవరైనా ఉంటే ఈ జడ కోసుకోవచ్చునన్నది ఆ సవాలు. అందులో నటుడి సొంత జుట్టు ఎంతో, చేర్చిన సవరం ఎంతో చూసేవారికి అంతుపట్టకూడదు. అంటే ఆడవేషానికీ జుట్టు పనికీ ఉన్న సంబంధాన్ని మనకు ఏ అమెరికా వాడూ వచ్చి నేర్పలేదు. జపాన్ కబుకీ నాటకాల్లో స్త్రీ పాత్రలు పోషించే ఒన్నగాతా నటులు, చైనా ఒపేరాలో స్త్రీ పాత్రలతోనే ప్రపంచప్రసిద్ధుడైన మెయ్ లాన్‌ఫాంగ్, 1660కి ముందు లండన్ రంగస్థలం మీద స్త్రీ పాత్రలన్నీ పోషించిన కుర్రవాళ్లు కూడా ఇదే పని చేశారు. ఇంతమందిని పక్కన పెట్టి ఈ విద్య నిన్న మొన్న విమానం దిగిందనడానికి చరిత్ర తెలియకపోతే చాలదు, తెలుసుకోకూడదన్న పట్టుదల కూడా ఉండాలి.

శవాల జుట్టు విషయం మీద ఎక్కువసేపు ఆగనవసరం లేదు. వేదిక మీద కనిపించే భారీ డ్రాగ్ విగ్గుల్లో చాలావాటిలో మనిషి జుట్టు అసలు ఉండదు, కృత్రిమ పీచు ఉంటుంది. మనిషి జుట్టుతో చేసే ఖరీదైన విగ్గులకు ముడిసరుకు బతికున్నవారు ఇచ్చిందో అమ్మిందో అయి ఉంటుంది, ఆ సరుకు ప్రపంచ మార్కెట్టుకు చేరే పెద్ద దారుల్లో తిరుమల కల్యాణకట్ట ఒకటి. భక్తుల తలనీలాలను దేవస్థానం బహిరంగంగానే వేలం వేస్తుంది. ఈ సందేశాన్ని నాకు పంపినవారిలో కనీసం ఇద్దరు అక్కడ గుండు చేయించుకుని వచ్చినవారే కనుక, తాము అప్పటికి బతికే ఉన్నామో లేదో వారే నిర్ధారించుకుంటే బాగుంటుంది.

ఇక మూడో అంశం. ఐదు నిమిషాల పని అట. ఈ ఒక్క వాక్యం మిగిలిన ఐదింటికంటే నన్ను ఎక్కువ బాధించింది, ఎందుకంటే ఇది రాసినవారికి ద్వేషం కూడా లేదు, కేవలం చూడని పనిని పని కాదనే అలవాటు ఉంది.

దుకాణంలో పొట్లంలో దొరికే చవక విగ్గు ఎలా ఉంటుందో ముందు చూద్దాం. టోపీలాంటి గుడ్డ మీద యంత్రం కుట్టిన జుట్టు పట్టీలు వరుసలుగా ఉంటాయి, నుదుటి దగ్గర ఒక దళసరి అంచు గీత గీసినట్టుగా ఆగిపోతుంది, పీచుకు ప్లాస్టిక్ మెరుపు ఉంటుంది. దాన్ని అలాగే తల మీద పెట్టుకుని దీపాల కిందికి వెళ్తే మొదటి వరుసలో కూర్చున్నవారికి నటుడు కనిపించడు, విగ్గు ఒక్కటే కనిపిస్తుంది. అందుకే విగ్గు స్టయిలిస్టు పని కొలతలతో మొదలవుతుంది. తల చుట్టుకొలత, నుదుటి నుంచి మెడ వెనుక దాకా, ఒక చెవి నుంచి రెండో చెవి దాకా తీసుకున్న తరువాత, తలకు పల్చని ప్లాస్టిక్ కాగితం చుట్టి, దాని మీద పారదర్శకమైన టేపు అంటించి గట్టిపరచి, జుట్టు ఎక్కడ మొదలవ్వాలో ఆ అచ్చు మీదే గీస్తారు. మగవారి కణతల దగ్గర జుట్టు వెనక్కి జరిగి ఉంటుంది కనుక స్త్రీ ముఖానికి ఆ గీతను ముందుకు తేవాలి, గుండ్రం చేయాలి. ఎంత ముందుకు అన్నది ఆ ముఖాన్ని చూసి తీసుకునే నిర్ణయమే తప్ప ఏ పుస్తకంలోనూ దొరికే కొలత కాదు.

ఆ గీత వెంబడి లేస్ ఉంటుంది. చర్మం రంగులో కలిసిపోయే ఆ సన్నని నెట్టు కన్నాల్లోకి చిన్న కొక్కెం సూది దూర్చి, వెంట్రుకను లాగి, ముడి వేయాలి. అంచున ఒక్కో ముడికి ఒక్కటే వెంట్రుక, కొంచెం వెనక్కి వెళ్తే రెండు, ఇంకా వెనక మూడు నాలుగు ఉండాలి. ముడి పడే దిశను బట్టి వెంట్రుక పడుకుంటుంది కనుక ప్రతి ముడినీ అది వాలవలసిన వైపుకే వేయాలి. తొందరపడి అన్నిటినీ ఒకే ఒత్తుగా, ఒకే దిశలో వేస్తే నుదురు మీద వరినాట్లు వేసినట్టుంటుంది. తల మొత్తం చేత్తో ముడివేసిన విగ్గుకు పదుల గంటలు పడుతుంది. సందేశకర్త చెప్పిన ఐదు నిమిషాల్లో, అలవాటున్న చేయి అయితే, ఒక కణత దగ్గర వేలిగోరంత మేర పూర్తవుతుంది.

ఇదంతా అయ్యాక ఉండేది జుట్టు మాత్రమే, కేశాలంకరణ ఇంకా మొదలు కాలేదు. విగ్గును కాన్వాస్ తల మీద టి ఆకారపు పిన్నులతో బిగించి, పాయలు పాయలుగా రోలర్లకు చుట్టి ఆవిరి పట్టిస్తారు. కృత్రిమ పీచు వేడికి మెత్తబడి, చల్లారేటప్పుడు ఆ వంపును పట్టుకుంటుంది. పూర్తిగా చల్లారకముందే రోలరు విప్పితే వంపు జారిపోతుంది, పని మళ్లీ మొదటికి వస్తుంది. వేడి కొంచెం మితిమీరితే పీచు కరిగి ముద్దవుతుంది, అప్పుడు మొదటికి రావడానికి విగ్గు కూడా మిగలదు. మామూలు జుట్టు రంగు ఈ పీచుకు అంటదు కనుక రంగులకు వేరే విద్య కావాలి. వేర్ల దగ్గర కొంచెం ముదురు నీడ వేస్తేనే అది తలలోంచి పెరిగిన జుట్టు అనిపిస్తుంది. అడుగెత్తున లేచిన ఆ కొప్పులు ఒక్క విగ్గుతో రావు, రెండు మూడింటిని కలిపి కుట్టి, లోపల ఫోమో తీగ చట్రమో అమర్చి, వేర్ల దగ్గర జుట్టును వెనక్కి దువ్వి చిక్కుపరచి, పైన నునుపైన పొరను కప్పి హెయిర్ స్ప్రేతో నిలబెడతారు. బరువంతా వెనక్కి పడితే మెడ పట్టేస్తుంది, ముందుకు పడితే లేస్ ఊడుతుంది. ఆ తల ఎత్తు మడమల చెప్పుల మీద నిలబడి నృత్యం చేయాలి, తల విదిలించాలి, పాటకు పెదవులు తప్పు లేకుండా కదిలించాలి.

ప్రదర్శనకు ముందు సొంత జుట్టును అణచి టోపీ బిగించడం, పిన్నులు గుచ్చడం, జిగురుతో లేస్ అంటించి దాని అంచు కనబడకుండా మేకప్ పూయడం ఉంటాయి. ప్రదర్శన తరువాత ద్రావకం రాసి ఆ జిగురును కరిగించి, చిరగకుండా లేస్ ఊడదీసి, దాని కన్నాల్లో పట్టిన మేకప్‌ను మెత్తని బ్రష్‌తో కడగడం ఉంటుంది. అలసటతో ఒక్క రాత్రి ఆ చివరి పని మానేస్తే మరుసటి ప్రదర్శనకు అంచు గట్టిపడి నుదుటి మీద గీతలా తేలుతుంది. ఇదీ ఆ ఐదు నిమిషాల వ్యవహారం.

నాలుగో అంశానికి మాత్రం వెటకారం సరిపోదు, ఎందుకంటే దాన్ని నమ్మి తమ పిల్లలను డాక్టర్ల దగ్గరికీ, అంతకంటే అధ్వానమైన చోట్లకూ ఈడ్చుకెళ్లేవారు ఉంటారు. వేషం వేరు, వేసినవాడి జీవితం వేరు. ఆస్ట్రేలియా నటుడు బారీ హంఫ్రీస్ 1955 నుంచి కొన్ని దశాబ్దాల పాటు డేమ్ ఎడ్నా అనే స్త్రీ పాత్రగా వేషం కట్టాడు, ఇంటి దగ్గర నాలుగు పెళ్లిళ్లు చేసుకున్న మగవాడిగానే బతికాడు. డ్రాగ్ కళాకారుల్లో స్వలింగ సంపర్కులూ ఉన్నారు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులూ ఉన్నారు, ఈ రెండూ కానివారూ ఉన్నారు. వారిలో ఎవరికీ ఆ కారణంగా వైద్యం అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ సంపర్కాన్ని జబ్బుల జాబితా నుంచి 1990లోనే తొలగించింది. ఇలాంటివారిని "మారుస్తాం" అనే కన్వర్షన్ థెరపీని మన జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. కాబట్టి "డాక్టరుకు చూపించండి" అని సలహా ఇచ్చేవారు, ఆ వైద్యం మొదలుపెట్టిన డాక్టరే చర్యకు గురవుతాడని కూడా అదే సందేశంలో రాస్తే నిజాయితీగా ఉంటుంది. ఇక పిల్లలకు అంటుకోవడం గురించి. బ్రిటన్‌లో క్రిస్మస్ పాంటోమైమ్ నాటకాల్లో ముసలావిడ వేషం మగవాడు వేయడం వంద సంవత్సరాలకు పైబడిన ఆనవాయితీ, ఆ నాటకాలకు ముఖ్య ప్రేక్షకులు పిల్లలే. ఆ లెక్కన ఈపాటికి ఆ దేశంలో ప్యాంటు తొడిగే మగవాడు మిగిలి ఉండకూడదు.

కోట్ల సంపాదనకు ఆధారంగా సందేశం చూపించినది రూపాల్ అనే ఒక్క అమెరికా డ్రాగ్ కళాకారుణ్ణి. 2009లో మొదలైన, తానే నడిపే డ్రాగ్ కళాకారుల టెలివిజన్ పోటీ వల్ల రూపాల్ ధనవంతుడయ్యాడు, ఎమ్మీ పురస్కారాలు పొందాడు, కాదనను. ఒక సినిమా హీరో పారితోషికం చూపించి జూనియర్ ఆర్టిస్టులంతా కోటీశ్వరులని ఎవరైనా అంటే మనం నవ్వుతాం, ఇక్కడ మాత్రం ఫార్వర్డ్ చేస్తాం. ఆ పోటీలో సైతం తొలి సీజన్ నగదు బహుమతి 20,000 డాలర్లు, అదీ విజేత ఒక్కరికే. దుస్తులకూ విగ్గులకూ పోటీదారులు చాలావరకు సొంత డబ్బే పెట్టుకోవాలి. చాలామంది పగలు ఇంకో ఉద్యోగం చేస్తూ, రాత్రి ప్రదర్శనకు ఇచ్చే రుసుముతో, ప్రేక్షకులు ఇచ్చే టిప్పులతో ఈ కళను నెట్టుకొస్తారు. విగ్గు పని తెలిసినవారి పరిస్థితి కొంత మెరుగు, ఎందుకంటే వేదిక దొరకని నెలల్లో కూడా తోటి కళాకారులకు కొత్త విగ్గులు కట్టవచ్చు, పాతవాటిని కడిగి తిరిగి తీర్చవచ్చు. 2017లో అదే పోటీ తొమ్మిదో సీజన్ నుంచి అందరికంటే ముందు బయటికి వచ్చిన జేమ్స్ మ్యాన్స్‌ఫీల్డ్, ఆ తరువాత పేరు నిలబెట్టుకున్నది విగ్గులు తీర్చిదిద్దే పద్ధతులను వీడియోల్లో నేర్పడం వల్లనే. అమెరికా సినిమాల్లో డివైన్ అనే డ్రాగ్ పేరుతో వెలిగిన నటుడు కూడా అంతకుముందు హెయిర్ డ్రెస్సర్‌గా పని చేసినవాడే.

ఆరో అంశాన్ని కూడా ఇలాగే కొట్టిపారేద్దామనుకున్నాను, కానీ అది కుదరదు. పెద్ద రొమ్ములు, కీచు గొంతు, తగవులమారి మాటలు తప్ప స్త్రీలో ఇంకేమీ చూడని డ్రాగ్ ప్రదర్శనలు ఉన్నాయి, అవి చూసి ఒక స్త్రీకి కోపం వస్తే ఆ కోపం న్యాయమైనదే. అంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. పైన నేను గర్వంగా చెప్పిన ఒన్నగాతా సంప్రదాయం పుట్టింది 1629లో జపాన్ ప్రభుత్వం కబుకీ నుంచి స్త్రీలను నిషేధించాక. లండన్ కుర్రవాళ్లకు ఆ వేషాలు దక్కింది స్త్రీలకు వేదిక దక్కకపోవడం వల్ల. కూచిపూడిలోనూ ఆ తలుపు స్త్రీలకు చాలా ఆలస్యంగా తెరుచుకుంది. సత్యభామగా మగవాడు సాధించిన వైభవాన్ని నేను తగ్గించను, అయితే ఆ కాలంలో సత్యభామ వేషం కట్టగలిగి ఉండీ వేదిక ఎక్కనివ్వని స్త్రీ ఎవరన్న ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. ఈ సందేశం రాసినవారి ఉద్దేశం ఇది కాకపోయినా, ఈ అభ్యంతరం నిలబడుతుంది.

అయితే దాన్నుంచి ఈ వృత్తి ఉండకూడదని తేలదు, ఆ వేదిక అందరికీ ఉండాలని తేలుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వెస్టా టిల్లీ సూటూ టోపీ వేసుకుని మగవాడిగా బ్రిటన్ సంగీత శాలలను నింపింది. జపాన్‌లోని తకరజుకా నాటక బృందంలో మగ పాత్రలన్నీ వంద ఏళ్లకు పైగా స్త్రీలే వేస్తున్నారు. డ్రాగ్ కింగ్‌లుగా వేదికలెక్కే స్త్రీలు ఈనాడు ఎందరో ఉన్నారు. వారికి అవసరమైన మీసాన్నీ గడ్డాన్నీ కూడా విగ్గు స్టయిలిస్టే అదే లేస్ మీద, అదే కొక్కెం సూదితో, ఒక్కో వెంట్రుకగా ముడివేసి ఇస్తారు. మీసం చిన్నదే అయినా, పెదవి ప్రతి మాటకూ కదులుతుంది కనుక దాని అంచు దాచడం నుదుటి అంచు దాచడం కంటే కష్టమైన పని.