నగీనా ఘాటుకు యాభై గజాల దూరంలో

రాజమండ్రి బావగారు నాందేడు వచ్చిన ప్రతిసారీ మా గోదావరిని పంటకాలువను చూసినట్టు చూసి, తమ ఊళ్ళో వంతెన నాలుగు కిలోమీటర్ల పొడవుంటుందని గుర్తు చేస్తారు. త్ర్యంబకేశ్వరంలో పుట్టిన నది ముందు మా ఊరికి వచ్చి, మేము స్నానాలు చేసి వదిలాకే బాసర మీదుగా వారికి చేరుతుందని, కాబట్టి వారు భక్తితో తలమీద చల్లుకునేవి మా ఎంగిలి నీళ్ళేనని ఎన్నిసార్లు వాదించినా ఆయన ఒప్పుకోలేదు. అందుకే మొన్న నవంబరులో, నది మీంచి ఊరు చూపిస్తానని పంతం పట్టి, నగీనా ఘాటు దగ్గర మోటారు పడవ మాట్లాడాను. యాభై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్న నేను పడవ ఎక్కడం అదే మొదటిసారన్న సంగతి ఆయనకు చెప్పవలసిన అవసరం నాకు కనిపించలేదు.

1708లో గురు గోవింద్ సింగ్ ఇక్కడే పరమపదించారని, 1956 వరకు మేమూ హైదరాబాదు రాష్ట్రం వాళ్ళమేనని చెప్పినంతసేపు నా వ్యాఖ్యానం నిరాటంకంగా సాగింది. సంవత్సరాలు ఎటునుంచి చూసినా మారవు కదా. చిక్కంతా కట్టడాలతో వచ్చింది. జీవితమంతా ముందునుంచి చూసిన ఊరు, నదిలోంచి చూసేసరికి నాకు వీపు చూపించి కూర్చుంది. ఒక పాత గోడను చూపి, "అదిగో నందగిరి కోట" అన్నాను. పడవవాడు నావైపు జాలిగా చూసి, అది ఎవరిదో గోదాము వెనకగోడ అని మరాఠీలో చెప్పాడు. బావగారికి మరాఠీ రాదు గనుక, "కోట చాలా పాతదంటున్నాడు" అని అనువదించాను.

అంతలో గుర్రపుడెక్క పంకాకు చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. పడవవాడు వంగి నీళ్ళలో చెయ్యి పెడుతూ, "కాళ్జీ కరూ నకా" అన్నాడు. కంగారు పడవద్దని దాని అర్థం. బావగారికి మాత్రం అందులో కాళ్ళే వినిపించాయి. అనువాదం కోసం ఆగకుండా రెండు కాళ్ళూ ఎత్తి ఒక్కసారిగా బల్లమీద పెట్టడంతో పడవ ఒరిగి, ఆయన కుడికాలి చెప్పు ఎగిరి గోదావరిలో పడింది. ఒడ్డున బట్టలుతుకుతున్న మా వీధి ఆడవాళ్ళు పని ఆపి మరీ చూశారు; యాభై గజాల దూరంలో మొహం దాచుకోవడానికి వీలు లేదు.

అరగంటకు తాడు వేసి మమ్మల్ని లాగారు. అప్పటికే చెప్పు తూర్పుదిక్కుగా సాగిపోయింది. "పోనీలెండి, మీకంటే ముందే రాజమండ్రి చేరుతుంది" అన్నాను. చేరదని నాకు తెలుసు. సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం, మా ఊరికి దిగువన గోదావరికి అడ్డంగా కట్టిన బాబ్లీ ఆనకట్ట గేట్లు అక్టోబరు 28 దాకానే ఎత్తి ఉంచుతారు. ఆపైన మార్చి 1న మాత్రం 0.6 టీఎంసీలు వదులుతారు. నోరు జారి ఆ సంగతి కూడా చెప్పేశాను.

బావగారు ఎడమకాలి చెప్పు విప్పి, కాగితంలో చుట్టి, మార్చి దాకా భద్రంగా ఉంచమని మా ఆవిడ చేతికిచ్చారు.