సెషన్ వినకుండా మార్కులెలా వేస్తారు?

హైదరాబాద్‌లో కౌన్సెలింగ్ సైకాలజీ చదివే పిల్లలకు ఇంటర్న్‌షిప్ చివర్లో ఒకటే టెన్షన్, సూపర్‌వైజర్ ఎన్ని మార్కులు వేస్తారోనని. ఆ మార్కులు దేనికి అంటే చాలాచోట్ల వచ్చే జవాబు కేస్ రిపోర్ట్, ప్రెజెంటేషన్, లాగ్ బుక్, హాజరు. క్లయింట్ ఎదురుగా కూర్చుని ట్రెయినీ ఏం మాట్లాడింది, ఎక్కడ ఓపిక పట్టింది, ఎక్కడ తొందరపడి సలహా ఇచ్చేసింది అనేది మార్కులు వేసే మనిషి చూడలేదు, వినలేదు.

మన ఊళ్లో దీని దెబ్బ ఇంకా ఎక్కువ. సెషన్ నడిచేది తెలంగాణ తెలుగులో, ఉర్దూలో, ఒక్కోసారి రెండూ కలిపి. రిపోర్ట్ మాత్రం ఇంగ్లిష్‌లో రాయాలి, ఇంగ్లిష్‌లోనే ప్రెజెంట్ చేయాలి. పాతబస్తీ నుంచి వచ్చిన ఒకావిడతో రెండో సెషన్‌కే మనసు విప్పి మాట్లాడించగలిగిన ట్రెయినీ ప్రెజెంటేషన్‌లో తడబడితే ‘కాన్ఫిడెన్స్ లేదు’ అని రాస్తారు, పుస్తకంలో పదాలన్నీ స్లైడ్ల మీద దంచేసిన అబ్బాయికి మాత్రం క్లయింట్ మూడోసారి రాకపోయినా మంచి గ్రేడే పడుతుంది. (ఎందుకు రాలేదని అడిగేవాళ్లు తక్కువ.) ఒక్క గుణం నచ్చితే మిగతావన్నీ బాగున్నట్టే కనిపిస్తాయని సైకాలజిస్ట్ ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లోనే చెప్పాడు, దాన్నే హాలో ఎఫెక్ట్ అంటాం. క్లాసులో పిల్లలకు చెప్పేది మనమే, మార్కుల దగ్గర మర్చిపోయేదీ మనమే.

సెషన్లు రికార్డు చేసి, వాటితో శిక్షణ ఇవ్వడం అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1940లలోనే మొదలుపెట్టాడు. ఇప్పుడు అందరి జేబులో రికార్డర్ ఉంది. అయితే క్లయింట్ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఫైలు ట్రెయినీ వాట్సాప్‌లో తిరగకూడదు. క్లయింట్ వద్దంటే బలవంతం లేదు, సూపర్‌వైజర్ రోల్ ప్లే (ఒకరు క్లయింట్‌లా నటించే సెషన్) చేయించి చూడొచ్చు.

ఇంకో చిక్కు, నేర్పే మనిషే మార్కులూ వేయడం. ట్రెయినీలు సూపర్‌వైజర్ దగ్గర చాలా విషయాలు దాస్తారని నికోలస్ లడానీ, తోటి పరిశోధకులు 1996లో చూపించారు. ఇందులో వింతేముంది? ‘ఆత్మహత్య గురించి అడగడం మర్చిపోయాను మేడమ్’ అన్న మాటకు మార్కులు కోస్తే రెండోసారి ఎవరూ నోరు తెరవరు, నష్టం మాత్రం క్లయింట్‌కి. అందుకే తనంతట తాను చెప్పిన తప్పును నేర్చుకోవడం కింద రాయాలి, చివరి గ్రేడు లెక్కలోకి తేకూడదు. దేన్ని చూసి గ్రేడ్ ఇస్తారో మొదటి వారంలోనే కాగితం మీద పెట్టాలి. సగంలో ‘బాగానే చేస్తున్నావమ్మా’ అని చివర్లో యావరేజ్ అని చేతిలో పెట్టడం మోసమే.

జాలితో పాస్ చేయడం కూడా న్యాయం కాదు. క్లినికల్ సైకాలజిస్టుకు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ అనే గేటుంది. కౌన్సెలర్‌గా బోర్డు పెట్టుకునేవాళ్లకు ఇన్నాళ్లూ అలాంటిది లేకపోవడంతో సూపర్‌వైజర్ సంతకమే ఆ పని చేస్తోంది. ‘పాపం, కష్టపడింది’ అని పెట్టిన సంతకం రేపు అమీర్‌పేటలోనో కూకట్‌పల్లిలోనో ఎవరి మీద పడుతుందో తెలీదు.

ఇవన్నీ వినే టైమ్ ఎక్కడిది అంటారు సూపర్‌వైజర్లు, నిజమే. మొత్తం వినక్కర్లేదు. ట్రెయినీ తాను ఇరుక్కున్న చోటు నుంచి పది నిమిషాలు ఎంచుకుంటే, సూపర్‌వైజర్ తనకు నచ్చిన చోటు నుంచి ఇంకో పది నిమిషాలు వినాలి. ఆ వినే టైమ్‌ను కాలేజీలు పని గంటల్లో కలపాలి. అది కలపని మేనేజ్‌మెంట్లు మార్కుల్లో పారదర్శకత అంటూ సర్క్యులర్లు పంపడం ఎందుకు?