సర్వరు సొంతమైనా బాధే, అద్దెదైనా బాధే

విజయవాడలో మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. గత నెల 10వ తేదీ రాత్రి, మర్నాడే జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు చూపే జీఎస్టీ రిటర్ను) దాఖలుకు గడువు ఉండగా, మెట్ల కింది గదిలో పెట్టుకున్న, మా లెక్కలుండే సొంత సర్వరు ఆగిపోయింది. కరెంటు పోగానే యూపీఎస్ బ్యాటరీ చేతులెత్తేసింది, తిరిగి వచ్చాక హార్డ్ డిస్కు టిక్కుటిక్కుమనడం తప్ప తెరుచుకోలేదు. బ్యాకప్ కూడా ఆ డిస్కులోనే ఉందని తెలిసినప్పుడు నాకు నోట మాట రాలేదు. సొంత సర్వరు చవకని సలహా ఇచ్చినవారెవరూ అర్ధరాత్రి వచ్చి దాన్ని బాగుచేసే మనిషి ఖర్చును లెక్కలో చూపలేదు.

పోనీ, నిర్వహణంతా వాళ్లే చూసుకునే క్లౌడ్ సేవకు మారుదామంటే, మందుల బ్యాచ్ నంబర్లు, గడువు తేదీల కోసం మేము డబ్బు పెట్టి రాయించుకున్న మాడ్యూలును (అదనపు ప్రోగ్రామును) అందులో పెట్టనివ్వరట. పెట్టాలంటే పై ప్లాను కొనాలట, రేపు మన డేటాను మనమే బయటకు తెచ్చుకోవాలన్నా గిగాబైట్ల లెక్కన రుసుము కట్టాలట. 2022 ఆగస్టులో సవరించిన నిబంధనల ప్రకారం కంపెనీల ఖాతాల బ్యాకప్ ప్రతిరోజూ భారతదేశంలోని సర్వరులోనే ఉండాలి. మాదీ ప్రైవేటు లిమిటెడ్ కంపెనీయే కనుక, మా బ్యాకప్ ఏ ఊళ్లో ఉంటుందని ఆ క్లౌడ్ వాళ్లను అడిగాను. వారం గడిచినా జవాబు లేదు, కొటేషన్లు మాత్రం రెండుసార్లు వచ్చాయి. అది అడగకూడని ప్రశ్నా?

మళ్లీ 10వ తేదీ దగ్గరపడుతోంది. ఏదీ తేలక, ప్రతి రాత్రీ షట్టరు దించే ముందు బ్యాకప్‌ను బయటి డిస్కులోకి ఎక్కించి, చేతి సంచిలో ఇంటికి తీసుకువెళుతున్నాను.